న్యూ ఆర్డర్ 1983 ఆల్బమ్: పాత రికార్డు వెతకాలా, 2020 రీమాస్టర్ చాలా?

లీడ్స్_కుర్రోడు:
నమస్తే అందరికీ. చదువుకోడానికి లీడ్స్ వచ్చి ఏడాదైంది. ఇంటి ఓనరు పారేస్తానన్న టర్న్‌టేబుల్ ఒకటి తెచ్చుకున్నా, అక్కడ పట్టుకుంది ఈ రికార్డుల పిచ్చి. పోయిన నెల న్యూ ఆర్డర్ అనే బ్రిటిష్ బ్యాండ్ ఆల్బమ్ 'పవర్, కరప్షన్ అండ్ లైస్' 2020 రీమాస్టర్ (పాత రికార్డింగ్ సౌండ్‌ని మళ్ళీ సరిచేసి వదిలింది) ఎల్పీ కొన్నాను. 'ఏజ్ ఆఫ్ కన్సెంట్'లో ఆ బాస్ గిటార్ ఎత్తుకోగానే ఒళ్ళు జలదరించింది. కానీ రెండో వైపు చివర 'లీవ్ మీ అలోన్'కి వచ్చేసరికి గొంతులో 'స' పలికిన ప్రతిచోటా ఉస్సుమని చీలిపోతోంది. రీమాస్టర్ పేరుతో సౌండ్ పెంచి పాడుచేశారా? ఇక్కడొక షాపులో 1983 నాటి ఒరిజినల్ ఉంది, నేను పెట్టినదానికి మూడు రెట్లు చెప్తున్నారు. కొనెయ్యనా? కొంటే ఈ నెలంతా మ్యాగీనే.

గాడిలో_సూది:
ఆగు తమ్ముడూ, పర్సు తియ్యకు. మొదటి పాట బాగుండి చివరిదే చెడిందంటే ముందు సూదిని అనుమానించాలి. రికార్డు నిమిషానికి 33 చుట్లే తిరుగుతుంది కదా, బయటి అంచులో సెకనుకి దాదాపు 50 సెంటీమీటర్ల గాడి సూది కింద నుంచి పోతుంది, లేబుల్ దగ్గరికొచ్చేసరికి అది 20 చిల్లరకి పడిపోతుంది, అంటే అదే 'స' శబ్దాన్ని సగం కన్నా తక్కువ జాగాలో ఇరికించినట్టు. అరిగిన సూదైనా, సూది మీద పడే బరువు తక్కువైనా, కార్ట్రిడ్జ్ (సూదిని పట్టుకునే చిన్న భాగం) కొంచెం వంకరగా బిగించినా ముందు అక్కడే దొరికిపోతుంది. 1983 రికార్డు తెచ్చినా అదే సూది, అదే ఉస్సు, పైగా పాత గాడి అరుగుతుంది. సూది బరువు చూసే చిన్న డిజిటల్ తూకం చవగ్గానే దొరుకుతుంది, ముందు అది తెప్పించు.

క్యాసెట్_కాలం:
నన్ను తిట్టుకున్నా పర్లేదు, సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) పాటలకి ఈ వినైల్ రికార్డుల గోల ఎందుకో నాకర్థం కాదు. ఈమధ్య రీఇష్యూలు, అంటే మళ్ళీ వేసే పాత రికార్డులు, చాలావరకు డిజిటల్ ఫైల్ నుంచే కట్ చేస్తారు. ఫైలే విను, హాయిగా ఉంటుంది.

నీలి_సోమవారం:
ఫైల్‌లో ఆ అట్ట రాదు కదండీ! ముందువైపు ఫాంటిన్-లాటూర్ అనే చిత్రకారుడు వేసిన గులాబీల బుట్ట బొమ్మ (అసలు పెయింటింగ్ లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది, పోయినేడు వెళ్ళి దాని ముందు చాలాసేపు నిలబడ్డా), ఎక్కడా బ్యాండ్ పేరు లేదు, ఆల్బమ్ పేరు లేదు, కుడివైపు పైన రంగుల గడులు మాత్రం ఉంటాయి. వెనకున్న రంగుల చక్రం దగ్గర పెట్టుకుని ఒక్కో గడినీ అక్షరంగా మార్చుకోవాలి. అట్ట డిజైన్ చేసిన పీటర్ సావిల్ చిలిపి పని అది. నేనూ మా అక్కా పెన్సిలు పట్టుకుని కూర్చుంటే గంట పట్టింది.

ఇంకోటి, సింథ్ అనగానే మీట నొక్కితే వచ్చేదనుకోకండి. బ్యాండ్ గాయకుడు బెర్నార్డ్ సమ్నర్ ఆ రోజుల్లో సీక్వెన్సర్‌ని (స్వరాల్ని వరసగా తనంతట తానే వాయించే మెషిన్) విడిభాగాల కిట్ తెచ్చి సొంతంగా బిగించుకున్నాడు. 'యువర్ సైలెంట్ ఫేస్'లో ఆ మెషిన్ టకటకల మీద పీటర్ హుక్ బాస్ పైస్థాయిలో పాడినట్టు వస్తుంది, నాకైతే ఆల్బమంతా ఒక ఎత్తు, ఆ పాట ఒక ఎత్తు. అన్నట్టు వాళ్ళ పాట 'బ్లూ మండే' ఇందులో ఉంటుందని ఒరిజినల్ కొనేరు, బ్రిటన్ ఎల్పీలో అది ఎప్పుడూ లేదు, విడిగా 12 అంగుళాల రికార్డు.

లీడ్స్_కుర్రోడు:
తూకం వచ్చింది. కార్ట్రిడ్జ్‌కి 2 గ్రాములు కావాలట, నాది 1.1 చూపిస్తోంది! సూదిని మోసే కడ్డీ వెనక ఉన్న బరువు తిప్పి సరిచేశా. 'స' ముప్పావు వంతు దారికొచ్చింది, మిగతాది సూది మారిస్తే పోతుందనుకుంటా. షాపాయనకి వద్దని చెప్పేశా. గాడిలో_సూది అన్నా, థాంక్స్, మ్యాగీ తప్పింది. రంగుల గడులు ఇంకా నాలుగే విప్పాను, ఎవరూ జవాబు చెప్పకండి.