పదకొండేళ్ల ఫ్రీలాన్స్ పని: దేనిలో నిపుణుడినని చెప్పుకోవాలి?

ప్రశ్న: మహేంద్రతనయ (పర్లాకిమిడి)

నేను పర్లాకిమిడిలోనే ఉంటూ, ఎక్కడా ఉద్యోగంలో చేరకుండా, పదకొండేళ్లుగా సొంతంగా సాఫ్ట్‌వేర్ పనులు చేసుకుంటున్నాను. మొదటిది ఇక్కడి రైసు మిల్లులో వేబ్రిడ్జి (లారీలను తూచే కాటా) తూకం నేరుగా కంప్యూటర్‌లో పడేలా రాసిన ప్రోగ్రాం. మిల్లువారి పాత కంప్యూటర్ కోసం దాన్ని విజువల్ బేసిక్ 6లో రాయవలసి వచ్చింది. తరువాత బరంపురంలో ఒక బట్టల కొట్టుకు బిల్లింగు, పలాసలో జీడిపప్పు వ్యాపారికి సరుకు లెక్కలు, ఒక పాఠశాలకు పీహెచ్‌పీలో ఫీజుల సైటు, రెండేళ్లపాటు ఒక విదేశీ సంస్థకు పైథాన్‌లో డేటా పని, నిరుడు సవర పిల్లల కోసం పదకోశం యాప్ చేశాను.

ఈ నెల విశాఖలోని ఒక కంపెనీవారు కాంట్రాక్టు పని గురించి మాట్లాడుతూ నా పనుల పట్టిక చూసి, “ఇంతకీ మీరు దేనిలో నిపుణులు?” అని అడిగారు. అన్నీ వచ్చునంటే ఏదీ సరిగా రాదనుకుంటారని తటపటాయించాను. వారు మళ్లీ ఫోను చేయలేదు. ఇప్పుడు మిగిలినవన్నీ పక్కన పెట్టి ఒక్క టెక్నాలజీనే పట్టుకోవాలా? పాత ఖాతాదారుల పనిని కొత్తవారికి చూపించవచ్చా? ఆంధ్రలోని వారికి ఒడిశా నుంచి పనిచేస్తే జీఎస్టీ నమోదు తప్పనిసరి అని ఒక మిత్రుడు భయపెడుతున్నాడు, అది నిజమేనా?

జవాబు: నాగావళి (రాయగడ)

మీరు మీ పట్టికను కంప్యూటర్ భాషల పేర్లతో చదువుకుంటున్నారు, అందుకే అది చిందరవందరగా కనిపిస్తోంది. నాకు అందులో మరొకటి కనిపించింది. బట్టల కొట్టు, పాఠశాల, సవర యాప్, ఈ మూడూ ఒకటికి మించిన లిపులతో పని. మన జిల్లాల్లో కొట్టు యజమాని తెలుగువాడు, గుమాస్తా ఒడియావాడు, కొనేవారు ఇద్దరిలో ఎవరైనా కావచ్చు. హైదరాబాదులో కూర్చుని సాఫ్ట్‌వేర్ రాసేవారికి ఈ ఇబ్బంది ఎదురే కాదు.

ఒక ఉదాహరణ చెబుతాను. ఇక్కడి కిరాణా కొట్టులో బిల్లు మీద సరుకుల పేర్లు రెండు లిపుల్లోనూ రావాలన్నారు. వారి థర్మల్ ప్రింటరులో తెలుగు గాని ఒడియా గాని లేవు కనుక, ప్రతి వరుసనూ బొమ్మగా గీసి పంపడం తప్ప దారి లేదు. 80 మిల్లీమీటర్ల కాగితం మీద వరుసకు 576 చుక్కలు పడతాయి. ఆ వెడల్పు లెక్క చూసుకున్నాను గాని, వరుస ఎత్తును ఇంగ్లీషు అక్షరాల కొలతకే వదిలేశాను. మొదటి బిల్లులోనే ‘లక్ష్మి బ్రాండు బియ్యం’ అన్నచోట క్ష్మి కింది వత్తులు కత్తిరించినట్టు తెగిపోయి వచ్చాయి. యజమాని కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసి, “అమ్మవారి పేరు నరికేశారేమిటండీ” అన్నారు. ఫాంటు చెప్పే ఎత్తును నమ్మకుండా, గీసిన అక్షరం ఎంత కిందికి దిగిందో ప్రతిసారీ కొలిచి వరుస ఎత్తు నిర్ణయించేలా మార్చాక గాని అది సర్దుకోలేదు. మార్పు పది వరుసల కోడ్, దాన్ని కనిపెట్టడానికి పట్టింది నాలుగు రోజులు.

ఆ కంపెనీవారికి మీరు పైథాన్ పేరో పీహెచ్‌పీ పేరో చెప్పి ఉంటే వందమందిలో ఒకరయ్యేవారు. ఇలాంటి నాలుగు రోజుల కథ ఒకటి చెప్పి ఉంటే మాట ముందుకు సాగేదని నా అభిప్రాయం.

జవాబు: బల్లార్షా వాసి (చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్ర)

నాగావళి గారు చెప్పింది వినడానికి బాగుంది గాని, వత్తులు సరిగా పడినందుకు విడిగా డబ్బిచ్చే వ్యాపారిని నేను ఇంతవరకూ చూడలేదు. తూకం ఆగిపోతే మాత్రం వాళ్లు అర్ధరాత్రైనా ఫోను చేస్తారు. మీ పట్టికలో నాకు విలువైనదిగా కనిపించింది మొట్టమొదటి పనే.

మా వైపు బొగ్గు లారీల కాటాలకు ఇదే పని చేస్తాను కనుక చెబుతున్నాను. కాటా మీది ఇండికేటరు, అంటే తూకం చూపే పెట్టె, సీరియల్ తీగ గుండా అంకెలను ఆగకుండా పంపుతూనే ఉంటుంది. లారీ ఎక్కి ఇంకా ఊగుతుండగా ఆపరేటరు మీట నొక్కితే తప్పు తూకం నమోదవుతుంది. వరుసగా కొన్ని రీడింగులు ఒకే అంకె చూపే దాకా ప్రోగ్రాం ఆగాలన్నది పుస్తకంలో చదివితే చిన్న విషయమే. డ్రైవరుకూ గుమాస్తాకూ మధ్య జరిగే తగాదాలో నిలబడి చూసినవాడికే దాని బరువు తెలుస్తుంది. ఊడ్చేటప్పుడు యూఎస్‌బీ తీగ పీకి పక్క రంధ్రంలో గుచ్చితే పోర్టు నంబరు మారి ప్రోగ్రాం మూగబోవడం కూడా అంతే. ఈ పనికి ఏటా ఏఎంసీ (నిర్వహణ ఒప్పందపు సొమ్ము) వస్తుంది, విదేశీ పని ఆగిన నెలల్లో నా ఇల్లు గడిచింది దానితోనే. గత రెండేళ్లలో మీకు ఎవరెవరు తిరిగి ఫోను చేశారో, ఏ పని కోసం చేశారో ఒక కాగితం మీద రాసుకోండి.

జవాబు: బరంపురం బాబాయి

మిగిలిన రెండు ప్రశ్నలను ఎవరూ ముట్టుకోలేదు కనుక నాకు తెలిసినంత చెబుతాను.

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాం సాహిత్య రచన కిందికి వస్తుంది. ఉద్యోగిగా రాస్తే హక్కు యజమానిది. మీలా స్వతంత్రంగా రాసినవారు హక్కులను వ్రాతపూర్వకంగా బదిలీ చేయనంతవరకు, మామూలుగా అవి రాసినవారివే. బదిలీ పత్రంలో గడువు రాయకపోతే అయిదేళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ చట్టం భావిస్తుంది. కాబట్టి మిల్లు పని, కొట్టు పని చూపించడానికి సాధారణంగా అడ్డు ఉండదు. వారి లెక్కలు, ధరలు, ఖాతాదారుల పేర్లు మాత్రం తెరమీద కనిపించకూడదు, నకిలీ వివరాలు నింపి చూపండి. విదేశీ సంస్థ ఒప్పందంలో కోడ్ తమదేననీ, రహస్యంగా ఉంచాలనీ ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవనిదే ఒక్క తెర కూడా చూపవద్దు.

ఇక మీ మిత్రుడు చెప్పినది సరుకులు అమ్మేవారికి చాలావరకు వర్తిస్తుంది. సేవలు అందించేవారికి రాష్ట్రం దాటినా, ఏడాది మొత్తం టర్నోవరు 20 లక్షలు దాటనంతవరకు నమోదు అవసరం లేదని 2017 అక్టోబరులోనే మినహాయింపు ఇచ్చారు. విదేశాల నుంచి వచ్చిన సొమ్ము కూడా ఆ 20 లక్షల్లో కలుస్తుందన్నది మరచిపోకండి. మా అబ్బాయి అక్కడే పొరబడ్డాడు.

ప్రశ్నించినవారి జవాబు: మహేంద్రతనయ

ముగ్గురికీ ధన్యవాదాలు. బల్లార్షా వాసి గారు చెప్పినట్టు రాసి చూస్తే, రెండేళ్లలో తిరిగి ఫోను చేసినవారు తొమ్మిదిమంది. అందులో ఆరుగురు కాటాల వారే, నాకే ఆశ్చర్యం వేసింది.

నాగావళి గారికి ఒక మాట. 1936లో మంగేయి గొమాంగో సవర భాష కోసం రూపొందించిన సొరా సొంపెంగ్ లిపిలో పదాలు ఎక్కిస్తుంటే డేటాబేసులో మొదటి అక్షరం దగ్గరే వరుస తెగిపోయేది. కంప్యూటర్‌లో దాచడానికి తెలుగు, ఒడియా అక్షరాలకు ఒక్కోదానికి మూడు బైట్ల చోటు చాలు. అన్ని లిపుల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో 2012లో చేరిన ఈ లిపికి నాలుగు కావాలి. నేను వాడిన డేటాబేసు మైఎస్‌క్యూఎల్‌లో ‘యూటీఎఫ్8’ అని పిలిచే అక్షరాల అమరిక మూడుతోనే ఆగిపోతుంది. ‘యూటీఎఫ్8ఎంబీ4’కు మార్చిన రోజు పదాలన్నీ చెక్కుచెదరకుండా వచ్చాయి. గిడుగు వారు సవర నేర్చుకున్న ఊళ్లో కూర్చుని ఆ పని చేశానన్న సంతోషం ఉంది గాని, దానిని ఒక పనిగా ఎవరికీ చెప్పుకోవచ్చని ఇంతవరకూ తోచలేదు.

నా పేజీలో భాషల పేర్లు తీసివేసి, పైన కాటా పనిని, దాని కింద లిపుల పనిని పెట్టాను. ఫీజుల సైటును తొలగించాను. విదేశీ సంస్థ ఒప్పందం పాత మెయిల్‌లో దొరికింది, పద్నాలుగు పేజీలు. ఈ రాత్రి చదువుతాను.