‘భూమిపై బేరైనం గలదే’: బేరా, పేరా?

మలక్‌పేట పాఠకుడు:
నీటి సరఫరా పనుల్లోనే ఉద్యోగ జీవితమంతా గడిపిన ఒక పెద్దాయన ఈ నెలాఖరుకు పదవీ విరమణ చేస్తున్నారు. ఎక్కడ పైపు పగిలినా అర్ధరాత్రయినా సరే గోతి దగ్గర తానే నిలబడి, అతుకు పడ్డాక తడి ఆరిందో లేదో చేత్తో తడిమి చూసుకుని గానీ ఇంటికి వెళ్లని మనిషి. ఆయన సన్మాన పత్రంలో పోతన గారి భాగవతంలోని బలిచక్రవర్తి పద్యం, వామనుడికి దానం ఇవ్వవద్దన్న గురువు శుక్రాచార్యుడితో (భార్గవుడితో) బలి అనేది, వేయాలని నా కోరిక. ‘వారేరీ సిరి మూటగట్టుకొని పోవం జాలిరే’ వరకూ నోట నడుస్తుంది. ‘వారలన్ మఱచిరే యిక్కాలమున్ భార్గవా’ కూడా వస్తుంది. నడుమ నాలుక తడబడుతోంది. అచ్చుకు సిద్ధం చేస్తున్న కుర్రాడు తెచ్చిన ప్రతిలో పద్యం ఇది: ‘కారే రాజులు రాజ్యముల్ గలుగవే గర్వోన్నతిం బొందరే / వారేరీ సిరి మూటగట్టుకొని పోవం జాలిరే భూమిపై / బేరైనం గలదే శిబిప్రముఖులున్ బ్రీతిన్ యశఃకాములై / యీరే కోర్కులు వారలన్ మఱచిరే యిక్కాలమున్ భార్గవా’. అందులో ‘భూమిపై బేరైనం గలదే’ అని ఉంటే, ‘బేరు’ అనే మాటే లేదని అతను ‘పేరైనం’గా దిద్దేశాడు. నా చెవిలో మాత్రం ‘బే’ అనే మోగుతోంది. పెద్దలు తేల్చాలి.

నల్లకుంట మాస్టారు:
మీ చెవి సరైనదే. ‘పైన్’ ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట. దాని మీది పరుషం (క చ ట త ప) సరళం (గ జ డ ద బ) అవుతుంది, నకారం అరసున్నగా (ఁ) మిగులుతుంది: ‘భూమిపైఁ బేరైనం గలదే’. పాత అచ్చుల్లో ఆ అరసున్న ‘పై’ పక్కనే కనబడేది కాబట్టి చదివేవాడికి అనుమానం వచ్చేది కాదు. ఇప్పటి అచ్చులు అరసున్నను తీసేసి సరళాన్ని ఉంచేశాయి. కారణం పోయి కార్యం మిగిలింది. ఆ అబ్బాయిని ఏమీ అనకండి. అరసున్నతో వేయించండి.

ఛందోవిద్యార్థి:
మాస్టారూ, సంధి దాకా వెళ్లనక్కరలేదు, యతి చూస్తే చాలు. శార్దూలంలో పదమూడో అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో పొసగవలసిన చోటు. మూడో పాదంలో అక్కడ ఉన్నది ‘బ్రీతిన్’లోని బ్రీ. బేకు బ్రీ కుదిరింది. పోతన మనసులో బకారమే ఉందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

నల్లకుంట మాస్టారు:
యతి ఇక్కడ సాక్ష్యానికి రాదు నాయనా. ప ఫ బ భలు ఒకదానికొకటి చెల్లుతాయి, ‘పేరైనం’ అన్నా యతి చెడదు. మొదటి పాదంలో ‘కారే’కు ‘గర్వోన్నతిం’ చెల్లలేదా? పైగా ఆ ‘బ్రీతిన్’ కూడా అసలు ‘ప్రీతిన్’. ‘ప్రముఖులున్’ మీద పడి సరళమైంది. ‘బేరు’ను దిద్దిన చెయ్యి ‘బొందరే’ను, ‘గలదే’ను, ‘బ్రీతిన్’ను ఎందుకు ముట్టుకోలేదు? దిద్దితే అన్నీ దిద్దాలి, లేదా పోతనను ఆయన మానాన వదిలేయాలి.

సీతాఫల్‌మండి సాహితి:
మాస్టారికి నమస్కారం. పాదాంతం దగ్గర సంధి అంత తప్పనిసరా? పద్యం పాడేవారు ‘భూమిపై’ దగ్గర రాగం తీసి ఆగుతారు. ఆగి, కొత్త ఊపిరితో ‘పేరైనం గలదే’ అని ఎత్తుకుంటే ఆ ప్రశ్న గుండెకు తగులుతుంది. మా నాన్నగారు అలాగే పాడేవారు. వ్యాకరణం తెలియని వారికి కూడా అర్థమయ్యేది.

నల్లకుంట మాస్టారు:
నాలుగో పాదం ఎత్తుగడ చూడండమ్మా. ‘యశఃకాములై’ తరువాత ‘ఈరే’ కాస్తా ‘యీరే’ అయింది. పాదాంతం దాటి యడాగమం (అచ్చుల నడుమ యకారం) వచ్చిందంటే సంధి అక్కడ ఆగలేదనే కదా! రాగం ఎక్కడైనా తీయవచ్చు, పోతన గంటం మాత్రం ఆగలేదు.

సీతాఫల్‌మండి సాహితి:
యడాగమం నోటికి దానంతటదే వచ్చేది. దాన్ని చూపించి పరుషాన్ని సరళం చేయమంటే ఎలా? నా మట్టుకు నాకు పాడేటప్పుడు ‘పేరు’ పేరే.

బర్కత్‌పుర వాసి:
మీరిద్దరూ బేరు దగ్గరే ఆగిపోయారు. వాదించవలసిన అక్షరం దాని తరువాత ఉంది: ‘యశఃకాములై’లోని విసర్గ. ఫోనుల్లో తిరిగే ప్రతుల్లో ‘యశకాములై’ అని వేస్తున్నారు. ఆ పదహారో అక్షరం గురువు కావాలి. విసర్గ తీస్తే అది లఘువై తగణం (గురువు, గురువు, లఘువు) కుప్పకూలుతుంది. ఇక అర్థం సంగతి. శిబి మొదలైనవారు కీర్తిని కోరి ఇచ్చారని బలి అంటున్నాడు. కీర్తి కోసం ఇస్తే అది దానమా, బేరమా? గోతి దగ్గర నిలబడిన మీ పెద్దాయన పేరు కోసం నిలబడ్డారా? సన్మాన పత్రంలో ఈ మాట వేసే ముందు ఆలోచించండి.

అంబర్‌పేట అక్కయ్య:
‘యశఃకాములై’ని విడిగా పట్టుకుంటే అలాగే ఉంటుంది తమ్ముడూ. దాని ముందున్న ‘బ్రీతిన్’ను, అదీ యతిస్థానంలో కూర్చున్న మాటను, ఎలా దాటిపోయారు? ఇష్టపడి ఇచ్చారు. కీర్తి కోరిక ఉన్నా ఇచ్చే చెయ్యి నొచ్చుకోలేదు. మరో సంగతి, ఈ మాట అంటున్నది పోతన కాదు, బలి. పోతన ఏం కోరాడో తెలియాలంటే ‘ఇమ్మనుజేశ్వరాధముల’ పద్యం చూడాలి. పురాలూ వాహనాలూ వద్దని శ్రీహరికి ఇచ్చుకున్నవాడికి యశఃకామం అంటగట్టకండి.

ఇప్పుడు సంస్కృత మూలం దగ్గరికి రండి. అష్టమ స్కంధంలో బలి దైత్యరాజులను తలుచుకుంటూ ‘తేషాం కాలోఽగ్రసీల్లోకాన్ న యశోఽధిగతం భువి’ అంటాడు. వారి లోకాలను కాలం మింగింది, వారు సంపాదించిన కీర్తిని మింగలేకపోయింది అని. వారిని ‘అనివర్తిభిః’ అన్నాడు వ్యాసుడు, అంటే యుద్ధంలో వెనుదిరగనివారు. ప్రాణం పోయేదాకా నిలబడ్డారు, పేరు మిగిలింది. పోతన దీన్ని తలకిందులు చేశాడు. రాజులైనారు, రాజ్యాలు కలిగాయి, గర్వంతో మిడిసిపడ్డారు, ‘భూమిపై బేరైనం గలదే’, పేరు కూడా లేదు! పేరు శిబి వంటివారికే మిగిల్చాడు. ఆ తరువాతి శ్లోకంలో వ్యాసుడే అంటాడు, యుద్ధంలో వెనుదిరగక ఒళ్లు వదిలేవారు సులభంగా దొరుకుతారు, పాత్రుడు వచ్చినప్పుడు శ్రద్ధతో ధనం వదిలేవారు అలా దొరకరు అని. పోతన ఆ రెండో మాటను పట్టుకుని మొదటిదాన్ని కడిగేశాడని నా నమ్మకం. నాకు ఈ పద్యంలో అన్నిటికన్నా గొప్పది ఆ మార్పే. బేరో పేరో తరువాత చూసుకుందాం.

బర్కత్‌పుర వాసి:
అక్కయ్యా, మార్పు ఉందని ఒప్పుకుంటాను. కడిగేశాడనడం ఎక్కువ. పోతన తీసేసింది గర్విష్ఠులను. వెనుదిరగని వీరుల ఊసు ఈ పద్యంలో లేనే లేదు. ‘గర్వోన్నతిం బొందరే’ అన్న మాటకు వ్యాసుడిలో ఈడైనది ఏదో చూపించండి.

మలక్‌పేట పాఠకుడు:
ఇంత లోతు ఉందని అనుకోలేదు. అక్షరం ఏది వేయాలో ఒక్క మాట చెబితే అచ్చుకు పంపుతాను.

గండిపేట దారి:
పేరు మాట వచ్చింది కాబట్టి మన ఊరి సంగతి చెప్పనివ్వండి. 1908 సెప్టెంబరు 28న మూసీ ముంచెత్తాక విశ్వేశ్వరయ్య గారు వేసిన ప్రణాళికతో 1920లో ఉస్మాన్ సాగర్ పూర్తయింది. ఏడో నిజాం పేరు పెట్టారు. జనం నోట గండిపేట చెరువుగానే ఉండిపోయింది. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో 1562 ప్రాంతాన తవ్వించిన చెరువు ఆ పని చూసుకున్న హుస్సేన్ షా వలీ పేరుతో హుస్సేన్ సాగర్ అయింది. చెరువు కట్ట మీద ఎండలో నిలబడినవాడి పేరు చెరువుకు మిగిలింది. మలక్‌పేట వారూ, మీ పెద్దాయనకు చెప్పవలసింది ఇదే.

నల్లకుంట మాస్టారు:
ఆ ఇబ్రహీం పేరు పోయిందని ఎవరన్నారు? తెలుగు చదివినవారికి ఆయన మల్కిభరాముడు. అద్దంకి గంగాధర కవి తపతీసంవరణోపాఖ్యానం ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన ఉద్యోగి అమీన్ ఖానుకు పొన్నెగంటి తెలగనార్యుడు యయాతి చరిత్రను, తొలి అచ్చ తెలుగు కావ్యాన్ని, అంకితమిచ్చాడు. చెరువు నిలబెట్టలేని పేరును కావ్యం నిలబెట్టింది.

అంబర్‌పేట అక్కయ్య:
కావ్యం నిలబెట్టగలదు, పడగొట్టగలదు కూడా. రాచకొండ సింగభూపాలుడు రసార్ణవసుధాకరం రాసిన పండితుడు, సర్వజ్ఞ బిరుదు ఉన్నవాడు. తెలుగువాడికి మాత్రం భాగవతాన్ని నేలలో పాతిపెట్టించిన రాజుగానే తెలుసు. ఆ కథ జరిగిందో లేదో ఎవరూ అడగరు. పోతన పక్కన నిలబడినందుకు ఆయన పాండిత్యమంతా మరుగున పడింది. ఆయన గ్రంథం చదివినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది.

ఛందోవిద్యార్థి:
సన్మాన పత్రం మాటకొస్తే, వెళ్లిపోతున్న పెద్దమనిషి ముందు ‘వారేరీ’ అని చదవడం నాకు నచ్చలేదు. ఏనుగు లక్ష్మణకవి ‘ఆరంభింపరు నీచమానవులు’ వేయండి. విఘ్నాలు కొడుతున్నా మొదలుపెట్టినది విడువని ధీరుడి పద్యం. ‘ప్రారబ్ధార్థము లుజ్జగింపరు’ అన్న మాట పైపు దగ్గర నిలబడిన మనిషికి అచ్చంగా సరిపోతుంది.

సీతాఫల్‌మండి సాహితి:
మొదటి పాదంలో నీచులు, రెండో పాదంలో మధ్యములు. ధీరుడు వచ్చేసరికి సగం పద్యం అయిపోతుంది. సభలో ఎవరు ఎవరి వైపు చూస్తారు? బలి పద్యమే ఉంచండి. ‘మఱచిరే యిక్కాలమున్’ అన్న చివరి పిలుపు కోసమైనా ఉంచండి.

బర్కత్‌పుర వాసి:
లక్ష్మణకవి అనువాదం మీద నాకు చెప్పవలసింది చాలా ఉంది. ‘ఉజ్జగింపరు’ అన్న ఒక్క క్రియ కోసం ఆయనకు మొక్కుతాను. ఆ ధాతువు ఇప్పుడు వాడుకలో నుంచి ఎందుకు పోయిందో ఎవరైనా రాయాలి.

మలక్‌పేట పాఠకుడు:
అందరికీ నమస్కారం. ‘భూమిపైఁ బేరైనం’ అనే వేయమన్నాను. కుర్రాడు వెతికి చూసి, తాను వాడే అక్షరాల్లో అరసున్న లేదన్నాడు. ‘పై’ పక్కన చేత్తో గీయనా అని అడుగుతున్నాడు.

నల్లకుంట మాస్టారు:
గీయమనండి. అలాగే ‘మఱచిరే’లో బండి ఱ వేశాడేమో చూడండి. ప్రాసలో, అంటే పాదాల రెండో అక్షరాల్లో, ఉన్న నాలుగూ సాధురేఫాలే, మామూలు రలే. శకటరేఫం, అదే బండి ఱ, పద్యం మొత్తంలో ఆ ఒక్కచోటే ఉంది.

సీతాఫల్‌మండి సాహితి:
మాస్టారూ, బండి ఱను ఇప్పుడు పలికేవారు ఎవరున్నారు? చెవికి వినబడని తేడాను కాగితం మీద ఎందుకు మోయాలి?

నల్లకుంట మాస్టారు:
దానికి రేపు ఉదయం తీరికగా జవాబు రాస్తానమ్మా. ‘మఱచు’తోనే మొదలుపెడతాను.