కారు జీ-మీటర్‌కీ జీపీఎస్‌కీ 0–100 టైములో ఇంత తేడా ఎందుకు?

రెండోగేరు:
1.2 లీటర్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ముందు అద్దానికి సక్షన్ కప్పుతో బిగించిన జీ-మీటర్ (యాక్సిలరోమీటర్, అంటే పికప్‌ని కొలిచి దాన్నుంచి వేగం లెక్కగట్టేది) 0–100 కి.మీ.కి 11.5 సెకన్లు చూపిస్తోంది. అదే పరుగుకి 10 హెర్ట్జ్ (సెకనుకి పదిసార్లు కొలిచే) జీపీఎస్ 12.3 అంటోంది. మూసిన ట్రాక్, చదునుగా ఉంది. కారు ఆగాక మీటర్‌లో వేగం మళ్లీ సున్నాకే వస్తోంది, కాబట్టి జీరో (కదలనప్పుడు పికప్ సున్నా చూపే సెట్టింగ్) సరిగానే ఉన్నట్టుంది. ఏది నమ్మాలండీ? దీంతోనే బీహెచ్‌పీ (హార్స్‌పవర్) కూడా తీయాలి.

సస్పెన్షన్:
టైముకి జీపీఎస్‌నే నమ్మండి. మీటర్ పాడవలేదు. గట్టిగా తొక్కితే కారు వెనక కుంగి ముక్కు లేస్తుంది. ఒక్క డిగ్రీ లేచినా భూమ్యాకర్షణలో (దాన్ని 1 జీ అంటారు) 0.0175 జీ పికప్‌లో కలిసిపోతుంది. 12.3 సెకన్ల కారుకి సగటు పికప్ 0.23 జీ మాత్రమే, అంటే ఏడున్నర శాతం అదనం. 12.3ని 1.076తో భాగిస్తే 11.4. మీ తేడా దాదాపు ఇదే.

వేగం సున్నాకి రావడాన్ని చూసి నిశ్చింతగా ఉండకండి. బ్రేకు వేస్తే ముక్కు దిగుతుంది, అప్పుడు తగ్గే వేగం కూడా ఎక్కువగానే నమోదవుతుంది. రెండు తప్పులూ చాలావరకు చెల్లుకుంటాయి. ఆ పరీక్ష జీరో జారితే పట్టిస్తుంది గానీ వంపుని పట్టించదు. పిచ్ (ముక్కు లేచి దిగే వంపు) సవరణ సెట్టింగ్ ఉంటే, జీపీఎస్ 100 అన్నప్పుడు మీటర్ కూడా 100 అనేదాకా సర్దండి. స్పీడోమీటర్‌తో మాత్రం సరిచూడొద్దు, తక్కువ చూపకూడదని దాన్ని కావాలనే కొంచెం ఎక్కువకు పెడతారు.

ఎండాకాలం:
జీరో సంగతి కూడా చూసుకోండి. ఎండకి కాగిన మీటర్‌కి ఏసీ గాలి తగిలితే జీరో జారుతుంది. 0.005 జీ జారినా 12 సెకన్లకి 2 కి.మీ. వేగం తప్పు. పది నిమిషాలు ఆన్‌లో ఉంచి, డ్రైవర్ సీట్లో కూర్చున్నాకే జీరో చేయాలి, మనిషి ఎక్కితే కారు వంపు మారుతుంది కదా. రెండు దిక్కులా పరుగెత్తించి సగటు తీయండి. మీటర్ పక్కకి 5 డిగ్రీలు తిరిగి ఉన్నా పోయేది 0.4 శాతమే, దానికి బెంగ వద్దు.

వేబ్రిడ్జి:
బీహెచ్‌పీకి ముందు కారుని మనిషితో, పెట్రోలుతో సహా కాటా వేయించండి. బరువు పది శాతం తప్పితే జవాబూ పది శాతం తప్పుతుంది. మూడో గేరులో తీయండి, మొదటి గేరులో ఫ్లైవీల్‌ని తిప్పడానికే చాలా శక్తి పోతుంది.

ఉదాహరణకి 1000 కిలోల కారు, 80 కి.మీ. దగ్గర పికప్ 1.6 మీ/సె². అదే వేగంలో న్యూట్రల్ వేసి వదిలేస్తే 0.3 చొప్పున వేగం తగ్గుతుందనుకోండి. అది గాలి, టైర్లు తినేసేది, కలపాలి. 80 కి.మీ. అంటే సెకనుకి 22.2 మీటర్లు, కాబట్టి 1000 × 1.9 × 22.2 = 42 కిలోవాట్లు, సుమారు 57 బీహెచ్‌పీ. ఇది చక్రాల దగ్గరి లెక్క. కంపెనీ చెప్పేది ఇంజిన్ దగ్గరిది, దాంతో పోల్చకండి.

సస్పెన్షన్:
ఇంకొకటి. రెండింటిలోనూ వన్-ఫుట్ రోలవుట్ (కారు మొదటి అడుగు కదిలాకే టైము మొదలుపెట్టే సెట్టింగ్) ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. ఒకదాంట్లోనే ఆన్‌లో ఉంటే మొదటి అడుగుకి పట్టే 0.3–0.4 సెకన్లు అందులో లెక్కకి రావు.