ఎత్తు బ్రిడ్జి మీద హిల్ అసిస్ట్, ఖాళీ రోడ్డు మీద లాంచ్ కంట్రోల్: ఏది వాడాలి, ఏది మానాలి?

విజయనగరం, కంటోన్మెంట్ (ప్రశ్న)

మిత్రులకు నమస్కారం. గత నెలలో 230 హార్స్‌పవర్ పెట్రోలు ఇంజను, ఆరు గేర్ల డ్యుయల్ క్లచ్ గేర్‌బాక్సు (రెండు క్లచ్చులతో తనంతట తనే గేర్లు మార్చేది) ఉన్న సెకండ్ హ్యాండ్ కారు ఒకటి కొన్నాను. అందులో ఆగి ఉన్న కారును వీలైనంత వేగంగా బయలుదేరదీసే లాంచ్ కంట్రోల్, ఎత్తులో బయలుదేరేటప్పుడు కారు వెనక్కి జారకుండా పట్టే హిల్ స్టార్ట్ అసిస్ట్ (హిల్ అసిస్ట్) రెండూ ఉన్నాయి. చాలాకాలం లారీ నడిపిన మా మామయ్య, ఎత్తు బ్రిడ్జి మీద హ్యాండ్‌బ్రేక్ పట్టి బండిని ఎక్కించడం రానివాడు డ్రైవరే కాడనీ, హిల్ అసిస్ట్‌ను ఆపేసి నేర్చుకోమనీ అంటున్నారు. మా తమ్ముడేమో లాంచ్ కంట్రోల్ వాడకపోతే ఈ కారు కొనడమే దండగనీ, తెల్లవారుజామున భోగాపురం వైపు హైవే మీద ఒకసారి చూద్దామనీ పట్టుబడుతున్నాడు. ఇద్దరి మాటా నాకు సరిగా తోచడం లేదు గానీ, ఎందుకో వివరించి చెప్పలేకపోతున్నాను. తెలిసినవారు చెప్పగలరు.

శ్రీకాకుళం, గేర్‌బాక్సుల మెకానిక్

రెండింటిలోనూ కారు కాసేపు బ్రేకు మీద నిలిచి, తర్వాత వదిలితే కదులుతుంది కాబట్టి అవి ఒక్కలాంటివే అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఒకటి క్లచ్చును (ఇంజనును గేర్‌బాక్సుతో కలిపే, విడదీసే భాగాన్ని) కాపాడడానికి పెట్టినది, రెండోది క్లచ్చును ఖర్చు చేసి సమయాన్ని సంపాదించడానికి పెట్టినది.

హిల్ అసిస్ట్ కారు వాలులో ఉందని సెన్సారుతో గ్రహించి, మీరు బ్రేకు మీద కాలు తీసిన తర్వాత కూడా సుమారు 2 సెకన్లపాటు చక్రాల దగ్గర బ్రేకు ఒత్తిడిని అలాగే పట్టి ఉంచుతుంది. నూరు అడుగులకు ఐదు అడుగులు లేచే వాలులో, ఏ అడ్డూ లేకుండా వదిలేసిన కారు ఆ 2 సెకన్లలో దాదాపు ఒక మీటరు వెనక్కి జారుతుంది. మన ఊళ్లలో వెనకనున్న ఆటో అంత దూరం వదిలి ఆగదని మీకూ తెలుసు.

లాంచ్ కంట్రోల్ సంగతి వేరు. ఎడమ కాలు బ్రేకు మీద ఉంచి కుడి కాలితో యాక్సిలరేటరును పూర్తిగా తొక్కితే, కంప్యూటరు ఇంజనును ఒక ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గర పట్టి ఉంచి, బ్రేకు వదలగానే క్లచ్చును జారిస్తూ పట్టిస్తుంది. 1,500 కిలోల కారులో క్లచ్చు పూర్తిగా పట్టేసరికి వేగం గంటకు 30 కిలోమీటర్లు ఉందనుకుందాం. అప్పటికి క్లచ్చులో పుట్టిన వేడి ఇంచుమించు కారు పొందిన గతిశక్తికి సమానం, అంటే సుమారు 52 కిలోజౌళ్లు. ఒక టీ గ్లాసు నీళ్లను మరిగే స్థితికి తెచ్చేంత వేడి ఒకటి రెండు సెకన్లలో ఆ పలుచని పలకల మీద పడుతుంది. అదే మామూలుగా కదిలి 10 కిలోమీటర్ల వేగం దగ్గర క్లచ్చు పట్టేస్తే ఆ వేడి తొమ్మిదో వంతే.

ఇటీవల నా బెంచీ మీదికి వచ్చిన ఒక క్లచ్ ప్యాక్‌ను (క్లచ్చు పలకల దొంతరను) విప్పితే, ఉక్కు పలకల మీద అతి వేడికి ఏర్పడే రూపాయి బిళ్లంత నీలి మచ్చలు వరసగా కనిపించాయి, ఆయిలు బజ్జీలు వేసి వేసి నల్లబడ్డ నూనెలా ఉంది. కారు నడిచింది తక్కువే, కానీ దాన్ని ప్రతి ఆదివారం స్నేహితుల ముందు లాంచ్ చేశారు.

బొబ్బిలి

మెకానిక్ గారి లెక్కను గౌరవిస్తూనే, దానికి రెండో వైపు ఉన్న లెక్కను కూడా చూడమని కోరుతున్నాను. అదే వాలులో, ముందు ట్రాఫిక్ కదిలేదాకా బ్రేకు తొక్కకుండా హాఫ్ క్లచ్ మీద (క్లచ్చును సగమే వదిలి), ఇలాంటి డ్యుయల్ క్లచ్ ఆటోమేటిక్ అయితే యాక్సిలరేటరు మీద, కారును నిలబెట్టేవాళ్లను రోజూ చూస్తున్నాం. ఇంజను 1,200 ఆర్‌పీఎం దగ్గర ఉంటే అప్పుడు క్లచ్చులో సుమారు 2 కిలోవాట్ల వేడి పుడుతుంది. ఒక నిమిషానికి అది 120 కిలోజౌళ్లు, అంటే రెండు లాంచ్‌ల కంటే ఎక్కువ. రోజుకు రెండుసార్లు ఆ తప్పు చేసేవారిని ఎవరూ అడగరు గానీ, ఏడాదికి నాలుగుసార్లు లాంచ్ చేసేవాడు మాత్రం దోషి అవుతాడు.

నైపుణ్యం మాట కూడా వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఫార్ములా వన్‌లో 2004 సీజను నుంచి లాంచ్ కంట్రోల్‌ను నిషేధించింది గేర్‌బాక్సులు పాడవుతాయని కాదు, డ్రైవరు చేయవలసిన పనిని కంప్యూటరు చేస్తోందని. అక్కడ పోటీ డ్రైవర్ల మధ్య. ఎత్తు బ్రిడ్జి మీద మనకు ఎవరితోనూ పోటీ లేదు కాబట్టి, మామయ్యగారి వాదన అక్కడ చెల్లదని నా అభిప్రాయం.

శ్రీకాకుళం, గేర్‌బాక్సుల మెకానిక్

మీ 120 కిలోజౌళ్ల లెక్క సరైనదే, హాఫ్ క్లచ్ అలవాటు గురించి మీరన్నదానితో పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే నిమిషంపాటు మెల్లగా పుట్టే వేడికి పక్కనున్న ఇనుములోకీ ఆయిలులోకీ పాకడానికి వ్యవధి దొరుకుతుంది. లాంచ్‌లో ఆ వ్యవధి లేదు, పై పొర ఒక్కసారిగా కాలుతుంది. దానికి తోడు ఇరుసులూ, ఇంజనును పట్టి ఉంచే మౌంటులూ, గేరు పళ్లూ తినే దెబ్బ హాఫ్ క్లచ్‌లో అసలే ఉండదు. 2008లో అమెరికాకు వెళ్లిన నిస్సాన్ జీటీ-ఆర్ కార్లలో లాంచ్‌ల వల్ల గేర్‌బాక్సులు దెబ్బతిని వారంటీ వివాదాలు రేగిన తర్వాత, కంపెనీయే సాఫ్ట్‌వేరును మార్చి లాంచ్ ఆర్‌పీఎంను తగ్గించింది.

ఇంకొక మాట. ఎవరూ ఎత్తులో లాంచ్ చేయకండి. ముందు చక్రాలతో నడిచే కారు ముక్కు పైకి లేచి ఉన్నప్పుడు బరువు వెనక్కి పోతుంది, ముందు టైర్లు పట్టు వదిలి రోడ్డును గీకుతాయి.

రాజాం, డ్రైవింగ్ స్కూలు

నేర్చుకునేవారికి నేను మొదట హ్యాండ్‌బ్రేక్ పద్ధతే నేర్పుతాను, ఎందుకంటే రేపు వాళ్లు నడిపే ప్రతి బండిలోనూ హిల్ అసిస్ట్ ఉండదు, ఉన్నా అది పట్టుకునేది రెండు సెకన్లే. అది ఉందన్న ధైర్యంతో బ్రేకు వదిలి ఫోను వైపు చూసిన ఒక విద్యార్థి, మూడో సెకనులో వెనక్కి జారడం నా పక్క సీటు నుంచి చూశాను. కానీ నేర్చుకున్న తర్వాత దాన్ని ఆపేయమని ఎవరికీ చెప్పను.

హైవే సంగతికొస్తే, మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను అనుమతి లేకుండా బహిరంగ ప్రదేశంలో పందెం వేయడాన్నే కాక, వేగాన్ని పరీక్షించడాన్ని కూడా నేరంగా చూస్తుంది. 2019 సవరణ తర్వాత మొదటిసారికే మూడు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. రోడ్డు ఖాళీగా ఉందని మీ తమ్ముడు అనుకునే ఆ వేళకే చేపల బుట్టలతో టీవీఎస్‌లు రోడ్డు ఎక్కుతాయి.

బొబ్బిలి

హైవే విషయంలో నాకూ అభ్యంతరం లేదు, అక్కడ వద్దు. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై వంటి ట్రాక్ మీద, ఆయిలు వేడెక్కిన తర్వాత, ఒక లాంచ్‌కూ మరొక లాంచ్‌కూ మధ్య గేర్‌బాక్సును చల్లబడనిచ్చి వాడుకోవచ్చన్న మాటను మాత్రం వెనక్కి తీసుకోను.

విజయనగరం, కంటోన్మెంట్ (ప్రశ్న)

ఈ ఉదయం ఆరు గంటలకు మామయ్యను పక్కన కూర్చోబెట్టుకుని ఎత్తు బ్రిడ్జి ఎక్కాను. వెనక ఎవరూ లేనప్పుడు బ్రేకు వదిలి, ఇద్దరం బయటికే అంకెలు లెక్కపెట్టాం. రెండు అనేదాకా కారు కదలలేదు, మూడు అనబోతుండగా మెల్లగా వెనక్కి జారడం మొదలైంది, వెంటనే బ్రేకు తొక్కాను. హిల్ అసిస్ట్‌ను ఉండనివ్వమని మామయ్య ఒప్పుకున్నారు, హ్యాండ్‌బ్రేక్ మాత్రం ఆయన లారీ షెడ్డు దగ్గర పాత జీపులో నేర్పుతారట. తమ్ముడు 52 కిలోజౌళ్ల లెక్కను కాగితం మీద తనే మళ్లీ వేసుకుంటున్నాడు.