అమ్మానాన్నలకు ఒకే రోజు ఉంది: ఎడిన్‌బరో సెయింట్ జైల్సా, గ్లాస్గో కెథీడ్రలా?

కృష్ణలంక (శుక్రవారం, ఉదయం)
వచ్చే నెల అమ్మానాన్నలు విజయవాడ నుంచి వస్తున్నారు. నేనుండేది స్కాట్లాండ్‌లోని ఫాల్కర్క్‌లో, ఎడిన్‌బరో, గ్లాస్గో రెండింటికీ రైలుంది. నాన్న చరిత్ర మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. పాత రాయి కనిపిస్తే కదలరు. అమ్మ గుంటూరు లూథరన్ కుటుంబంలో పుట్టింది. చర్చి అంటే ఆమెకు చూసే చోటు కాదు, కూర్చుని ప్రార్థన చేసుకునే చోటు. మోకాళ్ల నొప్పులు కాబట్టి చర్చికి ఒక్క రోజే కేటాయించగలను. పోయిన ఏడాది ఇక్కడి ఒక పేరున్న చర్చికి వెళ్తే గడప దాటగానే విరాళం కోసం కార్డు యంత్రం ఎదురైంది. మనసు చివుక్కుమంది. అమ్మకు అలాంటిది ఎదురుకాకూడదు. ఏ చర్చిలో ఆదరంగా ఉంటుంది?

రాతిగోడ (శుక్రవారం, ఉదయం)
గ్లాస్గో. ఆలోచించే పనే లేదు. 1560లో మతసంస్కరణ వచ్చి దేశం పోప్‌ను వదిలి ప్రొటెస్టెంట్ అయ్యాక ఇక్కడి మధ్యయుగపు కెథీడ్రళ్లలో చాలావాటికి మొండిగోడలే మిగిలాయి. సెయింట్ ఆండ్రూస్ చూడండి, ఎల్గిన్ చూడండి. ప్రధాన భూభాగంలో పైకప్పుతో సహా దాదాపు చెక్కుచెదరకుండా నిలిచింది గ్లాస్గోదే. కూల్చడానికి వచ్చినవాళ్లకు నగరంలోని చేతివృత్తుల సంఘాలు అడ్డు నిలిచాయని చెబుతారు. నేల వాలుగా ఉండటంతో ఒక చర్చి కింద మరొక చర్చి కట్టారు. ఆ కింది భాగంలో, స్తంభాల మధ్య, సెయింట్ మంగో సమాధి ఉంది. నగరాన్ని స్థాపించాడని చెప్పుకునేది ఆయన గురించే. మాస్టారుగారు అక్కడే రెండు గంటలు నిలబడిపోతారు. భవనం రాజ్యానిది, ప్రవేశానికి టికెట్ లేదు.

ఇంకొకటి. సెయింట్ జైల్స్‌ను అందరూ కెథీడ్రల్ అంటారు. అది తప్పు. బిషప్పు పీఠం ఉంటేనే కెథీడ్రల్. అక్కడ బిషప్పు ఉన్నది 17వ శతాబ్దంలో రెండు విడతలు, అంతే.

వాన గొడుగు (శుక్రవారం, మధ్యాహ్నం)
గ్లాస్గో స్టేషను నుంచి కెథీడ్రల్ దాకా ఎత్తు నడక. టాక్సీ మాట్లాడుకోండి.

మార్తమ్మ మనుమరాలు (శుక్రవారం, సాయంత్రం)
రాతిగోడ గారూ, ఆయన అడిగింది ఆదరం గురించి. మీరు చెప్పింది పైకప్పు గురించి.

కృష్ణలంక గారూ, ముందు ఆ కార్డు యంత్రం సంగతి. మన చర్చిలో కానుక సంచి ప్రతి వరసకూ తిరుగుతుంది. తిరుమలలో 300 రూపాయల దర్శనం టికెట్ ఉంది. అక్కడ చివుక్కుమనని మనసు ఇక్కడే ఎందుకు చివుక్కుమంటుంది? 1950ల్లో స్కాట్లాండ్ చర్చికి, అంటే ఈ రెండు చర్చిలూ చెందిన ప్రొటెస్టెంట్ సంఘానికి, 13 లక్షల దాకా సభ్యులు ఉండేవారు. ఇప్పుడు 3 లక్షలు కూడా లేరు. కానుక వేసే చేతులు తగ్గాయి, కారే పైకప్పులు తగ్గలేదు. ఎడిన్‌బరోలో ట్రాన్ కిర్క్ 1952లోనే మూతపడింది. గ్లాస్గో పడమటి వైపు ఓరన్ మోర్ అని ఒకటుంది, ఒకప్పుడు పారిష్ చర్చి, ఇప్పుడు బారు. యంత్రం పెట్టకపోతే మిగిలినవీ అలాగే అవుతాయి.

అమ్మగారిని ఆదివారం సెయింట్ జైల్స్ ఆరాధనకు తీసుకెళ్లండి. మతసంస్కరణను ముందుండి నడిపిన జాన్ నాక్స్ ప్రసంగించిన చోటు. 1637లో చార్లెస్ రాజు పంపిన కొత్త ప్రార్థన పుస్తకం చదవబోతే జెన్నీ గెడెస్ అనే అంగడి ఆవిడ కూర్చున్న పీట ఎత్తి విసిరిందని చెప్పుకునేది ఇక్కడే. లోపలే ఉన్న థిసిల్ ఛాపెల్‌లో బ్యాగ్‌పైపు వాయించే దేవదూత చెక్కడం ఉంది, అది చూస్తే అమ్మగారు నవ్వకుండా ఉండలేరు.

రాతిగోడ (శుక్రవారం, రాత్రి)
ఆ పీట ఆవిడ విసిరింది బిషప్పుల పద్ధతి మీదే కదా. అంటే అది కెథీడ్రల్ కాదన్న నా మాటకు మీరే సాక్ష్యం తెచ్చారు.

మార్తమ్మ మనుమరాలు (శుక్రవారం, రాత్రి)
అలాగైతే గ్లాస్గోలో బిషప్పు ఎక్కడ ఉన్నాడు? 1690 నాటికి స్కాట్లాండ్ చర్చి మొత్తంలోనే బిషప్పులు లేకుండా పోయారు. మీ కొలబద్ద మీ చర్చికి కూడా పెట్టండి.

రాతిగోడ (శుక్రవారం, రాత్రి)
అది వేరు. గ్లాస్గోలో 12వ శతాబ్దం నుంచి పీఠం ఉంది.

మార్తమ్మ మనుమరాలు (శుక్రవారం, రాత్రి)
ఉండేది. ఇప్పుడు లేదు.

గ్రానైటు (శనివారం, ఉదయం)
అబర్దీన్ పేరు ఎవరూ ఎత్తలేదు. అక్కడి సెయింట్ మాకర్ కెథీడ్రల్‌లో 1520 నాటి చెక్క పైకప్పు మీద వంశచిహ్నాలున్న 48 డాళ్లు ఉన్నాయి: పోప్, చక్రవర్తి, ఐరోపా రాజులు, స్కాట్లాండ్ బిషప్పులు, అందరివీ. ఇక ఆదరం మాటంటారా, అదే ఊళ్లో సెయింట్ జాన్స్ అనే ఎపిస్కోపల్ (బిషప్పులున్న ప్రొటెస్టెంట్ శాఖ) చర్చి ఉంది. పక్క మసీదులో చోటు చాలక చలిలో బయట నమాజు చేస్తున్నవాళ్లకు తలుపులు తెరిచింది. 2013లో పత్రికలన్నీ రాశాయి. అప్పటి పాస్టరు మన దక్షిణ భారతదేశంలో పెరిగినవారే.

కృష్ణలంక (శనివారం, ఉదయం)
అబర్దీన్ మాకు దూరం అండీ. బిషప్పు సంగతి వదిలేసి, మా అమ్మను ఎవరైనా పలకరిస్తారా లేదా చెప్పండి.

రాతిగోడ (శనివారం, మధ్యాహ్నం)
పలకరింపు ఎందుకు? అంత గొప్ప కట్టడంలోకి వెళ్లి ఎవరైనా నన్ను పలకరించాలని కోరుకోవడం నాకు అర్థం కాదు. పలకరింపే కావాలంటే టీ దుకాణానికి వెళ్లవచ్చు.

మార్తమ్మ మనుమరాలు (శనివారం, మధ్యాహ్నం)
ఈ మాట మీరు నాకు ఎదురుగా నిలబడి అనండి.

నేను ఈ దేశం వచ్చిన కొత్తలో ఒక చర్చిలో చేరాను. పేరు చెప్పను. నాలుగేళ్లు, వాన వచ్చినా మంచు పడినా, ఒక్క ఆదివారం మానలేదు. తలుపు దగ్గర ఒక పెద్దాయన. ప్రతి వారం అదే నవ్వు, అదే ప్రశ్న: ఎక్కడి నుంచి వచ్చారు, ఎన్నాళ్లు ఉంటారు? ప్రతి వారం పర్యాటకుల కరపత్రం చేతిలో పెట్టేవాడు. నాలుగేళ్లు! మా నాయనమ్మ మార్తమ్మ మా ఊరి చర్చికి వెళ్లడం ఒక్క వారం మానితే సోమవారం పొద్దున్నే పాస్టరమ్మగారు ఇంటికొచ్చి జ్వరమా అని అడిగేవారు. నాకు ఊహ తెలిసిన చర్చి అది. మీలాంటివారు పాటలన్నీ అయిపోయాక వచ్చి స్తంభాలు లెక్కపెట్టుకుంటారు. మనుషులు లేని చర్చి మీకు ఇష్టం. మీకు కావలసింది మ్యూజియం. అలా అని ఒప్పుకోండి.

వాన గొడుగు (శనివారం, మధ్యాహ్నం)
ఇద్దరూ కాస్త నిదానం.

రాతిగోడ (శనివారం, రాత్రి)
టీ దుకాణం మాట నేను అనకుండా ఉండాల్సింది.

కానీ మనుషులు లేని చర్చి నాకు ఇష్టం అన్నారు కదా, అవును, ఇష్టమే. నేను దేవుణ్ని నమ్మను. 2009 చలికాలంలో ఉద్యోగం పోయింది. ఇంట్లో చెప్పలేదు. రోజూ ఆఫీసుకు వెళ్తున్నట్టే బయలుదేరి గ్లాస్గో కెథీడ్రల్‌లో కూర్చునేవాణ్ని. కింది భాగంలో గోడ పక్కన ఒక చోటు ఉంది. ఏడు వారాలు. ఎవరూ దగ్గరికి రాలేదు. ఎక్కడి నుంచి అని అడగలేదు, ఎందుకు రోజూ అని అడగలేదు, నమ్ముతావా అని అసలే అడగలేదు. ఎవరైనా ఒక్కసారి అడిగి ఉంటే మర్నాడు వెళ్లేవాణ్ని కాదు. మీకు నాలుగేళ్లు బాధ పెట్టిన మౌనమే నన్ను ఆ చలికాలం దాటించింది. అలాంటి చోట విశ్వాసులు ముందు, మిగిలినవాళ్లు తర్వాత అని ఎవరైనా వరస పెడితే నాకు కోపం వస్తుంది.

మార్తమ్మ మనుమరాలు (ఆదివారం, సాయంత్రం)
నన్ను బాధపెట్టింది మౌనం కాదండీ. నన్ను గుర్తుపట్టకపోవడం.

మీ సంగతి చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. అయినా నా మాట మారదు. మీరు కూర్చున్న ఆ చోటు వెచ్చగా, తెరిచి ఉందంటే ఆదివారం వచ్చి పాడేవాళ్లు ఇంకా మిగిలారు కాబట్టే. వాళ్లు కూడా పోతే మీ గోడ పక్కన బారు బల్ల వేస్తారు.

రాతిగోడ (ఆదివారం, సాయంత్రం)
ఆ భవనం ప్రభుత్వ సంరక్షణలో ఉంది. బారు కాదు. వెచ్చగానూ లేదు, కోటు విప్పింది లేదు.

గ్రానైటు (ఆదివారం, రాత్రి)
ఒక్క మాటకైనా ఆయన సరేనంటారేమోనని చూశాను.

కృష్ణలంక (సోమవారం)
ఇదంతా అమ్మకు ఫోనులో చదివి వినిపించాను. రాతిగోడ గారు కూర్చున్న చోటు చూపించమంది. ఆదివారం పొద్దున గ్లాస్గో ఆరాధనకు వెళ్తాం, అది అయ్యాక నాన్న రాళ్లు చూసుకుంటారు. మార్తమ్మ మనుమరాలు గారూ, మీరు గ్లాస్గోలోనే ఉంటే ఆ రోజు రాగలరా? అమ్మకు తెలుగులో పక్కన పాడేవాళ్లు ఉంటే బాగుంటుంది.

మార్తమ్మ మనుమరాలు (సోమవారం)
వస్తాను. తేదీ చెప్పండి.

రాతిగోడ (సోమవారం)
కింది భాగానికి మెట్లు దిగాలి. అమ్మగారిని మెల్లగా దింపండి. నేను చెప్పిన చోటు సమాధికి ఎదురుగా కాదు, గోడ వైపు.