సివిల్ కేసు పరిశీలన రికార్డు పూర్తి చేయడమెలా?

న్యాయవాదులకు, సీనియర్లకు నమస్కారం. నేను మూడేళ్ల ఎల్ఎల్‌బీ చివరి సంవత్సరంలో ఉన్నాను. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం మాకు కనీసం 12 వారాల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. అందులో భాగంగా ఒక సివిల్, ఒక క్రిమినల్ కేసు విచారణను స్వయంగా చూసి రాసే రికార్డుకు 30 మార్కులు ఉన్నాయి.

క్రిమినల్ కేసులో సాక్షుల క్రాస్ ఎగ్జామినేషన్ వరకు చూసి రాసుకున్నాను. చిక్కంతా సివిల్ కేసుతోనే వచ్చింది. మా సీనియర్ గారు చూపించిన ఆస్తి పంపకాల దావాలో, వాది సాక్ష్యం ఉంటుందని ఉదయం పదిన్నరకల్లా వెళ్లి వెనక బల్ల మీద కూర్చుంటే, కేసు నంబరు పిలవగానే అవతలి న్యాయవాది లేచి గడువు అడగడం, మరో తేదీకి వాయిదా పడటం మూడుసార్లు జరిగింది. నా నోటు పుస్తకంలో ఆ మూడు తేదీల పక్కనా ‘సమయం కోరారు’ అన్న మాటే ఉంది.

జీతం లేదన్న బాధ నాకు లేదు. చూడనిది చూసినట్లు రాయడం మాత్రం నాకు ఇష్టం లేదు. వచ్చే నెలలో రికార్డు సమర్పించాలి. వాయిదాలనే విచారణ దశలుగా నమోదు చేస్తే వైవాలో అంగీకరిస్తారా, లేక సాక్ష్యం నడుస్తున్న మరో దావాకు మారడం మేలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.