పట్టు వదులైతేనే అయాన్ పొర దాటుతుందా?

వెసికిల్_పిల్ల:
ల్యాబ్‌లో రెండు రోజులుగా ఇదే గొడవ, మీరన్నా తేల్చండి. క్లోరైడ్ అయాన్‌ని లిపిడ్ పొర (కణం చుట్టూ ఉండే కొవ్వు పొర లాంటిది) దాటించే అణువులు చేస్తున్నాం. ఎంత గట్టిగా పట్టుకుంటే అంత మంచి క్యారియర్ (మోసుకెళ్లే అణువు) అంటాడు మా సీనియర్. నాకు ఎక్కడం లేదు. 2012లో జెనీవాలో స్టెఫాన్ మాతీల్ బృందం ట్రైఫ్లోరోఅయడోమీథేన్ అనే గ్యాస్‌ని వెసికిల్స్ (లిపిడ్ పొరతో చేసిన సూక్ష్మ సంచులు) ఉన్న ద్రావణంలోకి బుడగలుగా వదిలి అయాన్లని దాటించింది. ఒకే ఒక్క కార్బన్! హైడ్రోజన్ బంధం ఊసే లేదు, ఉన్నదల్లా అయోడిన్ కొసన కాస్త ధనావేశం, అది చేసే హాలోజన్ బంధం. ఆ మాత్రం పట్టు చాలినప్పుడు గట్టి పట్టు దేనికి? పట్టుకున్నది అవతల వదలాలి కదా.

పాత_మేష్టారు:
అమ్మాయీ, చిక్కంతా "ఆ మాత్రం పట్టు" అన్న మాటలోనే ఉంది. నీళ్లు క్లోరైడ్‌ని మోలుకి సుమారు 340 కిలోజౌళ్ల మేర పట్టుకుని ఉంటాయి. ఒక్క హైడ్రోజన్ బంధం ఏ మూలకి? వాలినోమైసిన్ చూడు, పొటాషియాన్ని మోసే యాంటీబయాటిక్, పన్నెండు ముక్కల ఉంగరం. పొటాషియం లోపలికి రాగానే ఆరు ఎస్టర్ కార్బొనిల్ ఆక్సిజన్లు దానివైపు తిరుగుతాయి, జిడ్డు భాగాలు బయటికి పోతాయి. సోడియం మరీ చిన్నది, ఉంగరం అంతవరకు ముడుచుకోలేదు. పైగా నీళ్లు దాన్ని పొటాషియం కన్నా ఇంకో 70 కిలోజౌళ్లు ఎక్కువ బిగించి ఉంచుతాయి. గడ్డిపోచలు వెంటి పేనితే ఏనుగుని కట్టచ్చంటారే, అదీ సంగతి.

బయోఫిజిక్స్_బాబాయి:
కట్టడం సరే మేష్టారూ, విప్పడం మాటేంటి? వాలినోమైసిన్ సెకనుకి పదివేల అయాన్లు మోస్తే గొప్ప. పొటాషియం ఛానెల్, అంటే పొరలో ఉండే సన్నని సొరంగం, పది కోట్ల దాకా వదులుతుంది. 1998లో మాకినన్ చూపించిన కేసీఎస్‌ఏ (ఒక బ్యాక్టీరియా పొటాషియం ఛానెల్) నిర్మాణంలోనూ అవే కార్బొనిల్ ఆక్సిజన్లు! కాకపోతే అక్కడ వరసలో వెనకున్న పొటాషియం ముందున్నదాన్ని తోస్తుంది. (మధ్యలో నీటి అణువులు ఉంటాయా లేదా అన్నది ఇంకో తగాదా, అందులోకి నన్ను లాగకండి.) క్యారియర్‌కి ఆ తోపు లేదు, తనే నడిచి వెళ్లాలి. 1971లో పొరని చల్లబరిచి గడ్డకట్టిస్తే వాలినోమైసిన్ ఆగిపోయింది, గ్రామిసిడిన్ ఛానెల్ మాత్రం నడుస్తూనే ఉంది.

పాత_మేష్టారు:
ఒప్పుకుంటా. కానీ బ్రిస్టల్ వాళ్లు స్టెరాయిడ్ చట్రం మీద కట్టిన కోలాపాడ్‌లనే క్యారియర్ల సంగతో? అక్కడ క్లోరైడ్ మీద పట్టు పెరిగేకొద్దీ రవాణా కూడా పెరిగింది. వదలలేక చతికిలబడతాయనుకున్న అణువులే ముందున్నాయి. అవతల ఒడ్డున నీళ్లు లాక్కోవడానికి సిద్ధంగానే ఉంటాయి మరి. ఈ విషయంలో మీ సీనియర్ పూర్తిగా తప్పేం కాదు.

ప్లేట్‌రీడర్:
అందరూ క్లోరైడ్, క్లోరైడ్ అంటున్నారు. మేడమ్, మీరు కొలుస్తున్నది నిజంగా దాన్నేనా?

వెసికిల్_పిల్ల:
హెచ్‌పీటీఎస్ రంగుతో. వెసికిల్ లోపల రంగు, బయట కాస్త క్షారం వేస్తాం, లోపలి పీహెచ్ పెరిగేకొద్దీ వెలుగు పెరుగుతుంది. చివర్లో డిటర్జెంట్ వేసి వెసికిల్స్‌ని పగలగొట్టి నూరు శాతం గీత గీసుకుంటాం.

ప్లేట్‌రీడర్:
అంటే ఆ రంగుకి క్లోరైడ్ కనపడదు, ప్రోటానే కనపడుతుంది. లిపిడ్‌లో చిటికెడు ఫ్యాటీ ఆమ్లం ఉన్నా చాలు, అది ప్రోటాన్‌ని మోసుకుని పొర దాటేస్తుంది. ప్రోటాన్ పోగా రుణావేశంతో మిగిలిన ఆ ఆమ్లపు అయాన్‌ని మీ అణువు వెనక్కి తిప్పి పంపిస్తుంది. పేరు మీ అణువుది, చాకిరీ ఫ్యాటీ ఆమ్లానిది. సీరం ఆల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రోటీన్) వేసి ఆ ఆమ్లాలని పీల్చేసి మళ్లీ కొలవండి. పట్టు బలమా వదులా అన్న మాట ఆ తర్వాత.

వెసికిల్_పిల్ల:
వేశా. సీనియర్ అణువు వేగం సగానికి పడింది. నా హాలోజన్ అణువు దాదాపు ఆగిపోయింది. ఆయనకింకా చెప్పలేదు.

ప్లేట్‌రీడర్:
అప్పుడే ఏడవకండి. మీది ప్రోటాన్‌ని దాటించట్లేదు, అంతవరకే తేలింది. ప్రోటాన్‌కి విడిగా దారి ఇవ్వండి. బాబాయి చెప్పిన గ్రామిసిడిన్ కొంచెం కలపండి, ప్రోటాన్ అందులోంచి పోతుంది. వేగం తిరిగొస్తే మీ అణువు క్లోరైడ్‌ని మోస్తున్నట్టే, ప్రోటాన్ జోలికి పోకుండా. అది మంచి గుణమే.

వెసికిల్_పిల్ల:
ప్లేట్‌లో ఎనిమిది వెల్స్ (కొలిచే గుంటలు) ఖాళీ ఉన్నాయండీ. నాలుగు నావి, నాలుగు ఆయనవి.